భీమశంకరం గారి గొంతుకు నాలుగు డిస్కులు

ఈ ఉద్యోగం అసలు ఏమిటి

డిస్కులు చచ్చిపోతాయి. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగమంతా ఈ ఒక్క వాక్యం మీద నడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు "ఏ కంపెనీ డిస్కు మంచిది అంకుల్?" అని అడుగుతారు. చావని డిస్కును ఇంతవరకు ఏ కంపెనీ తయారు చేయలేదు. అది చచ్చిన రోజున మీ దగ్గర ఇంకో కాపీ ఉంటుందా, ఉంటే అది తెరుచుకుంటుందా అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

నేను డెట్రాయిట్ దగ్గర, కార్ల విడిభాగాలను పరీక్షించే ఒక సంస్థలో స్టోరేజ్ ఇంజనీరుగా పనిచేశాను. అక్కడ స్ప్రింగులను, సీట్లను, తలుపు కీళ్ళను యంత్రాలు రోజుల తరబడి కుదిపేవి. ఆ కుదుపుల కొలతలన్నీ నా సర్వర్లలోకి వచ్చి చేరేవి. పరీక్ష ముగిసేసరికి స్ప్రింగు విరిగిపోయి ఉంటుంది కాబట్టి, కొలతలు పోతే ఇంకో కొత్త స్ప్రింగు తెచ్చి మళ్ళీ మొదటి నుంచి విరగ్గొట్టాలి.

నా గురించి ఒక మాట. మాది ఒకప్పుడు చిన్న సంస్థానం. గొప్పకు చెప్పడం లేదు, ఈ విషయానికి సంబంధం ఉంది కాబట్టి చెబుతున్నాను. మా ముత్తాతగారి భూముల దస్తావేజులన్నీ ఒక ఇనప్పెట్టెలో ఉండేవి. పెట్టెకు మూడు తాళాలు, ముగ్గురి దగ్గర మూడు తాళంచెవులు, గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని ఒక మనిషి. నలభై ఏళ్ళ పాటు ఆ కాపలా ఒక్క పూట తప్పలేదు. దాయాదులు కోర్టుకెక్కి, జడ్జిగారు కాగితాలు చూపించమన్నాక, ముగ్గురూ కలిసి పెట్టె తెరిచారు. చెదపురుగులు తిన్నంత తిని, మిగిలినదాన్ని పొడి చేసి పెట్టాయి. దావా పోయింది, దివాణం పోయింది. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఆ చెక్క కుర్చీలో కూడా నిటారుగానే కూర్చున్నారు. ఆయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ఆ వెన్నెముక ఒక్కటే.

మా వంశం శత్రువుల కుట్ర వల్ల పడిపోయిందని మా వాళ్ళు చెప్పుకుంటారు. స్టోరేజ్ ఇంజనీరుగా నా అభిప్రాయం వేరు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ పెట్టె తెరిచి చూడకపోవడం వల్ల పడిపోయింది.

గ్రేస్

నాకు పని నేర్పింది గ్రేస్ అనే మేనేజరు. డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆమె బల్ల మీద ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని నిండా చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో పాత పరీక్ష పేరు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ డబ్బా తెచ్చి నా ముందు ఊపేది. నేను తీసిన చీటీలో ఏ పరీక్ష ఉంటే దాన్ని బ్యాకప్ లోంచి తెచ్చి, తెర మీద తెరిచి, ఆమెకు చూపించాలి.

"అంతా సేఫ్‌గా ఉంది గ్రేస్," అన్నాను మొదటి శుక్రవారం.

"సేఫ్ అని మా పాస్టర్ కూడా అంటాడు, నా ఆత్మ గురించి. నువ్వు తెరిచి చూపించు."

తెరవబోతే తెరుచుకోలేదు. అప్పటికి ఐదు నెలలుగా మా బ్యాకప్‌లలో పేర్లు మాత్రమే వెళ్ళి కూర్చుంటున్నాయి, లోపల సరుకు లేదు. మా ఇనప్పెట్టె గుర్తుకొచ్చింది.

రెండో పాఠం ఇంకా ఘోరం. సర్వర్‌లో ఒక డిస్కు పోయింది. ఎడమ నుంచి రెండోది అని నాకు బాగా తెలుసు. తీగలు సర్దడానికి యంత్రం వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచే చెయ్యి పెట్టి, ఎడమ నుంచి రెండోది లాగాను. వెనక నుంచి చూస్తే ఎడమ అనేది కుడి అవుతుందన్న సంగతి, తొమ్మిది రోజుల పరీక్ష మొత్తం పోయాక తట్టింది. ఏం జరిగిందో అందరి ముందు చదవాలని గ్రేస్ ఆజ్ఞ. "ఆ సమయంలో మంచి డిస్కు బయటికి వచ్చింది," అని రాసి చదివాను.

"వచ్చిందా?" అంది గ్రేస్. "తనంతట తనే తలుపు తీసుకుని, నడుచుకుంటూ వచ్చిందా?"

గది అంతా నవ్వు. "నేనే లాగాను," అనడానికి నాకు పట్టిన సమయంలో ఇంకో స్ప్రింగు విరగ్గొట్టి ఉండవచ్చు. ఆమె తిట్టలేదు. లేబుళ్ళు అచ్చువేసే చిన్న మిషను నా చేతిలో పెట్టి, "ఇక నుంచి ఇదే నీ జ్ఞాపకశక్తి," అంది. ప్రతి డిస్కు ముందు దాని సీరియల్ నంబరు అతికించడం నాకు అప్పటి నుంచి అలవాటు. అలవాటు అయిందన్నాను గాని బుద్ధి వచ్చిందనలేదు. అది ముందు ముందు తెలుస్తుంది.

ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి

రిటైరయ్యాక, మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన వాళ్ళ ఇళ్ళలో చిన్న సర్వర్లు కట్టిపెట్టడం నాకు వ్యాపకమైంది. ఫొటోలు, వీడియోలు ఇంట్లోనే భద్రంగా ఉండాలని అందరికీ కోరిక. పద్ధతి సులభం. నాలుగు డిస్కులను ఒక జట్టుగా కడతాం. ఒకటి పడిపోతే మిగిలిన మూడూ దాని పని చేస్తాయి. ఈలోగా కొత్తది పెట్టుకోవాలి. రెండు పడిపోతే జట్టు లేదు, సరుకూ లేదు.

మన వాళ్ళు చేసే మొదటి తప్పు, సేల్‌లో నాలుగు డిస్కులూ ఒకే పెట్టెలోంచి తెచ్చుకోవడం. ఒకే రోజు పుట్టినవి కాబట్టి ఒకదానికి జబ్బు చేస్తే మిగతావీ ఆ దారిలోనే ఉంటాయి. వేరు వేరు షాపుల్లో కొనండి. కొన్న వెంటనే సరుకు ఎక్కించకండి. డిస్కు మొత్తం రాయించి, మొత్తం చదివించి, వారం పది రోజులు దాన్ని నానా హింసా పెట్టండి. బలహీనమైనది ఆ వారంలోనే పోతుంది, షాపువాడు మారుస్తాడు. నేను మా భోజనాల బల్ల మీదే ఈ పరీక్షలు పెట్టేవాణ్ణి. "రోజంతా పకోడీలు వేగుతున్న చప్పుడు. పకోడీలు మాత్రం రావు," అనేది మా ఆవిడ.

ఆ తర్వాత యంత్రం పనిలో ఉండగా కరెంటు ప్లగ్గు పీకి చూడండి. ఒక డిస్కు కావాలని లాగి చూడండి. ఇంటివాళ్ళు గుండె పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి. సరుకు లేనప్పుడు పీకి చూడనివాడు, సరుకు ఉన్నప్పుడు దేవుణ్ణి పిలుస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం, జట్టు వేరు, కాపీ వేరు. మీరు పొరపాటున ఒక ఫొటో చెరిపేస్తే నాలుగు డిస్కులూ కలిసి విధేయంగా చెరిపేస్తాయి. మిషిగన్‌లో వానకు బేస్‌మెంట్ మునిగితే నాలుగూ కలిసే మునుగుతాయి. కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి. దాన్ని అప్పుడప్పుడు తెరిచి చూడాలి. ఇవన్నీ అందరికీ చెప్పాను. ఇక నేనేం చేశానో చెబుతాను.

భీమశంకరం గారు

భీమశంకరం గారు పగలు కార్ల కంపెనీలో నాణ్యత చూసే ఇంజనీరు. శని, ఆదివారాల్లో రాజు. పాతికేళ్ళు మా ఊరి హైస్కూలు ఆడిటోరియంలో మన వాళ్ళు వేసిన పౌరాణిక నాటకాలన్నిటిలో కిరీటం ఆయనదే. పద్యం ఎత్తుకుంటే పార్కింగ్‌లో ఉన్నవాళ్ళు కూడా లోపలికి వచ్చేవారు. రెండేళ్ళ క్రితం గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. అప్పటి నుంచి మెడలో ఒక చిన్న తెల్ల పలక, చేతిలో మార్కరు. ఏం చెప్పాలన్నా రాస్తారు. వెటకారం మాత్రం తగ్గలేదు.

ఆయన పద్యాలన్నీ క్యాసెట్లలో, పాత ఫోన్లలో చెల్లాచెదురుగా ఉండేవి. ఆయన భార్య శేషు గారు ఏడాది పాటు కూర్చుని వాటిలో చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అప్పుడు నన్ను పిలిచారు. భీమశంకరం గారు పలక మీద రాసి చూపించారు: "నా గొంతు మీకు అప్పజెబుతున్నా. మీ ముత్తాత గారిలా దాచకండి."

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి.

నాలుగు డిస్కులు నాలుగు షాపుల్లో కొన్నాను. పన్నెండు రోజులు పరీక్షించాను. ప్లగ్గు పీకాను, డిస్కు లాగాను, లేబుళ్ళు అతికించాను. మెట్ల కిందున్న పూజగదిలో నెట్‌వర్క్ తీగ ఉంది కాబట్టి అక్కడే పెట్టాం. రెండో కాపీకి ఇంకో చిన్న పెట్టె కట్టి, నోవైలో ఉండే యాదగిరి ఇంటికి పంపాను. యాదగిరి నాటకాలకు హార్మోనియం వాయించే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఇక్కడ ఎక్కిన ప్రతి పద్యం నెట్ మీద తనంతట తనే అక్కడికీ వెళ్ళాలి. యంత్రానికి సుస్తీ చేస్తే భీమశంకరం గారికి ఈమెయిల్ వచ్చే ఏర్పాటూ, అదనంగా కీచుమని అరిచే ఏర్పాటూ చేశాను. నా జీవితంలో అంత పకడ్బందీగా ఏదీ కట్టలేదు.

ఆయుధపూజ

దసరా వచ్చింది. శేషు గారు రెండు కార్లకూ బొట్టు పెట్టారు. మిక్సీకి, కుట్టుమిషనుకి, గడ్డి కోసే యంత్రానికి పెట్టారు. సర్వర్‌కూ పెట్టారు. నేను దీన్ని తప్పుపట్టను. మా దివాణంలో ఆయుధపూజకు నలభై కత్తులు వరసగా పేర్చేవారట. నా కాలానికి కత్తిపీట మిగిలింది, దానికైనా బొట్టు పెట్టకుండా మా అమ్మ కూర తరిగేది కాదు.

జనవరిలో ఒక డిస్కు పడిపోయింది. ఈమెయిల్ వచ్చింది, అమ్మకాల ప్రకటన అనుకుని భీమశంకరం గారు చెరిపేశారు. యంత్రం కీచుమని అరిచింది. పొగ అలారంలో బ్యాటరీ అయిపోయిందనుకున్నారు శేషు గారు. రెండు వారాల పాటు ఇంట్లో ఉన్న పొగ అలారాలన్నిటికీ వరసగా బ్యాటరీలు మార్చుకుంటూ వచ్చారు. తొమ్మిదో అలారం తర్వాత నాకు ఫోన్ చేశారు.

వెళ్ళి చూస్తే సర్వర్ మీద పట్టు జాకెట్టు గుడ్డ కప్పి ఉంది. తీశాను. లోపలి నుంచి పొయ్యి సెగలాంటి గాలి కొట్టింది. నాలుగు డిస్కుల ముందూ పసుపు, కుంకుమ. లేబుళ్ళు లేవు.

"ఆ కాగితాలు జిగురుగా, అసహ్యంగా ఉన్నాయని కొబ్బరినూనె పెట్టి తీసేశానన్నయ్య గారూ," అన్నారు శేషు గారు. "బొట్టుకి చోటు కావాలి కదా."

పోయిన డిస్కు సీరియల్ నంబరు తెర మీద కనిపిస్తోంది. యంత్రం ఆపి, ఒక్కో డిస్కు బయటికి తీసి, దాని మీద ముద్రించిన నంబరు చూడాలి. పది నిమిషాల పని. కానీ భీమశంకరం గారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. శేషు గారు కాఫీ పట్టుకుని నిలబడ్డారు. కట్టినవాణ్ణి నేను, కట్టిన చేతులు ఇవి, ఏది ఎక్కడుందో వెతుక్కోవడమేమిటి? ఆ నంబరున్న డిస్కు మూడో అరలో నేనే పెట్టాను.

"ఎడమ నుంచి మూడోది," అని ప్రకటించి, లాగాను.

కీచుమనడం ఆగింది. తెర మీద పద్యాల జాబితా కూడా ఆగింది. అంటే, మాయమైంది.

"శేషు గారూ, వీటిని ఎప్పుడన్నా బయటికి తీశారా?"

"దసరాకి తీశానుగా! ఒక్కోదాన్నీ శుభ్రంగా తుడిచి బొట్టు పెట్టాను. ఆఫ్ చేశాకే తీశానండోయ్, మీరు చెప్పినట్టే."

"తిరిగి ఆ వరసలోనే పెట్టారా?"

"వాటికి వరస ఉంటుందా?"

ఉండదు. అదే విషాదం. ఏ అరలో పెట్టినా యంత్రం తన డిస్కును గుర్తుపడుతుంది. వరస కావలసింది నాకు. లాగినదాన్ని వెంటనే తిరిగి పెట్టాను. రెండు రోజులు అక్కడే కూర్చుని నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. కానీ పట్టుగుడ్డ కింద ఉడికి ఉడికి ఇంకో డిస్కు అప్పటికే నీరసించి ఉంది. మరమ్మతు సగంలో ఉండగా అదీ పడిపోయింది. రెండు పోయాయి. జట్టు లేదు.

భీమశంకరం గారు పలక ఎత్తారు: "ఏమైంది?"

"పొరపాటున మంచి డిస్కు లాగాను. లాగింది నేనే."

తుడిచి మళ్ళీ రాశారు: "పద్యాలు?"

"ఇందులో ఇక లేవు."

"క్యాసెట్లు?" అన్నాను ఆశగా శేషు గారితో. "అంతా భద్రంగా ఉందని మీరు చెప్పాక, పెట్టెలు, పాత ఫోన్లు అడ్డమని పారేశాను, కంప్యూటర్‌లోవీ చెరిపేశానన్నయ్య గారూ," అన్నారామె.

భీమశంకరం గారు చాలాసేపు ఏదో రాశారు. దాన్ని ఇక్కడ అచ్చువేయడానికి వీల్లేదు. తర్వాత అదంతా తుడిచి ఒకే మాట రాశారు: "యాదగిరి?"

యాదగిరి ఇల్లు

యాదగిరి ఇంట్లో ఉన్న కాపీ తెరుచుకుంటుందో లేదో నాకు తెలియదు. నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. మూడేళ్ళ క్రితం యాదగిరి తన గృహప్రవేశానికి నన్ను ఇంటికి వచ్చి పిలవలేదు. ఫోన్ గ్రూపులో అందరితో పాటు నాకూ ఒక మెసేజ్ పెట్టాడు. ఒక వినాయకుడి బొమ్మ, అడ్రసు, పార్కింగ్ ఎక్కడ చేయాలో. మా ఇంట పెళ్ళికి పిలుపంటే భార్యాభర్తలిద్దరూ వచ్చి, బొట్టు పెట్టి, కూర్చుని పిలిచేవారు. అలా పిలవని ఇంటి గడప నేను తొక్కనని నిర్ణయించుకున్నాను. అందుకే ఆ పెట్టె ఎలా తగిలించాలో ఫోన్‌లోనే చెప్పాను. ఆ తర్వాత నెల నెలా ఫోన్ చేసి "పనిచేస్తోందా?" అని అడిగేవాణ్ణి. "పచ్చలైటు వెలుగుతనే ఉంది సార్," అనేవాడు. గ్రేస్ దగ్గర పని నేర్చుకున్న నేను, ఆ పచ్చలైటు మాట విని ఫోన్ పెట్టేసేవాణ్ణి.

ఇప్పుడు మంచులో నోవై దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి గంట కొట్టాను.

తలుపు తీసి యాదగిరి రెండు చేతులూ చాచాడు. "రాండ్రి రాజావారూ! ఇల్లు కట్టి మూడేండ్లాయె, ఇయ్యాల దొరికిందా మీకు తొవ్వ? గృహప్రవేశానికి పిలిస్తే రాలే, ఇప్పుడు పిలవకుంటనే వచ్చిండ్రు!"

"యాదగిరీ, ఆ పెట్టె చూడాలి. అర్జంటు."

"పెట్టె ఏడికి పోతది సార్? ముందుగాల ఇల్లు చూడండ్రి. మీరొక్కరే చూడలే మా దోస్తుల్లో."

చూశాను. బూట్లు విప్పి పై అంతస్తు చూశాను. మూడు బాత్‌రూములూ చూశాను. బట్టల గది లోపల దీపం దానంతట అదే వెలగడం రెండుసార్లు చూపించాడు. బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే పంపు మూత తీసి చూపించి, "నడిపించి చూపించాల్నా?" అన్నాడు. వద్దన్నాను, నడిపించాడు. అన్నిటినీ మెచ్చుకున్నాను. మూడేళ్ళ బాకీ మెప్పు అది. తప్పించుకునే హక్కు నాకు లేదు.

చివరికి బట్టలు ఉతికే గదిలో, హార్మోనియం పెట్టె పక్కన నా పెట్టె కనిపించింది. పచ్చలైటు వెలుగుతోంది. ఆ లైటుకు అర్థం కరెంటు ఉందని, అంతే. ల్యాప్‌టాప్ తగిలించి చూశాను. పోయిన ఏప్రిల్‌లోనే కాపీలు రావడం ఆగిపోయింది.

"ఏప్రిల్‌ల ఇంటర్నెట్ కంపెనీ మార్చినం గదా, పాస్‌వర్డ్ కొత్తదాయె," అన్నాడు యాదగిరి. "దీనికి జెప్పాల్నా?"

చెప్పాలి. చెప్పమని చెప్పవలసింది నేను. అప్పుడు జరిగినదంతా అతనికి చెప్పాను. డిస్కు సంగతీ, మూడేళ్ళుగా నేను ఎందుకు రాలేదో కూడా. అతను హార్మోనియం పెట్టె మీద చెయ్యి వేశాడు.

"శంకరం సార్‌కు ఎరుకనా?"

"చెప్పాను."

"ఏమన్నడు?"

"పలక సరిపోలేదు."

"మెసేజ్ పెట్టుడు నాది తప్పే సార్. రెండు వందల మందిని పిలిచినం, ఇంటింటికి తిరిగెటందుకు మాకు లీవు దొరకలే." కోటు తగిలించుకున్నాడు. "పదండ్రి, నేనూ వస్త."

తెరిచి చూడడం

ఏప్రిల్ తర్వాత శేషు గారు ఎక్కించిన ఆఖరి ఏడు క్యాసెట్లు ఇక ఎప్పటికీ రావు. ఇది రాయకుండా వదిలేద్దామనిపించింది, అందుకే రాస్తున్నాను. ఆ ఏడూ నా వల్ల పోయాయి. డిస్కు లాగినందుకు కాదు, ఒక గడప తొక్కనందుకు. మీరు ఎంత మంచి యంత్రం కట్టినా, దాని చుట్టూ ఉన్న మనుషుల ఇళ్ళకు వెళ్ళి, కూర్చుని, కాఫీ తాగి చూడకపోతే సగం పనే చేసినట్టు. ఈ పని నేర్పే పుస్తకాల్లో నంబర్లన్నీ దొరుకుతాయి గాని ఇది దొరకదు.

మిగిలినవి పెట్టెలో ఉన్నట్టు పేర్లు కనిపిస్తున్నాయి. తెరుచుకుంటాయో లేదో తెలియదు. ఆ పెట్టెను తెచ్చి, భీమశంకరం గారి హాల్లో పెద్ద స్పీకర్‌కు తగిలించి, "మీరే ఒకటి ఎంచుకోండి," అన్నాను ఆయనతో. ఆయన జాబితాలో కిందికి వెళ్ళి, పేరు కూడా లేని, తేదీ మాత్రమే ఉన్న ఒకదాని మీద వేలు పెట్టారు. శేషు గారు వంటింట్లో ఉన్నారు. అది తెరుచుకునేటప్పుడు చూడడం తన వల్ల కాదని లోపలికి వెళ్ళిపోయారు. కుళాయి చప్పుడు వినిపిస్తోంది.

నొక్కాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత హార్మోనియం. తర్వాత ఆయన గొంతు, ఆ గదిలోనే, అదే సోఫాలో కూర్చుని చేసిన ఏనాటిదో ఒక రిహార్సల్:

"యాదగిరీ! శ్రుతి నువ్విస్తావా, నన్నే ఇంటి నుంచి తెచ్చుకోమంటావా?"

"ఈ ఇల్లే గద సార్ మీది," అన్నాడు నా పక్కనున్న యాదగిరి, కళ్ళు తుడుచుకుంటూ.

పద్యం మొదలైంది. రెండు పాదాలు నిండుగా, గుడి గంటలా సాగింది. మూడో పాదంలో ఊపిరి తప్పి దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక ఆ గొంతు ఇల్లు అదిరేలా పిలిచింది: "శేషూ! మంచినీళ్ళు!"

"ఆఁ, వస్తున్నా! ఒక్క నిమిషం ఆగలేరు కదా!" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది. కుళాయి ఆగింది. శేషు గారు గ్లాసు పట్టుకుని, తడిచెయ్యి చున్నీకి తుడుచుకుంటూ గబగబా వచ్చి, హాలు మధ్యలో ఆగిపోయారు. భర్తను చూశారు. స్పీకర్‌ను చూశారు.

భీమశంకరం గారు పలక పక్కన పెట్టి లేచారు. ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని తాగడం మొదలుపెట్టారు.

"ఎంతసేపే?" అని స్పీకర్‌లోంచి ఆయనే మళ్ళీ అరిచారు.

శేషు గారు అటు తిరిగి, "ఇచ్చానండీ, తాగుతున్నారు," అన్నారు.